లాయరమ్మ వెనక పుస్తకాలు

ఏ పని ముగించినా ఆయన వెనక్కి నడుస్తాడు. వెనక ఏముందో చూసుకోడు. వీపు గోడకో, స్తంభానికో, ఎవరి భుజానికో తగిలాక ఆగుతాడు. అప్పుడు కళ్ళు చికిలిస్తాడు. రెప్పల మధ్య మిగిలిన సన్నని సందులోంచి తను చేసిన పనిని చూస్తాడు. తల ఊపుతాడు. ఇక ఆ పని అయినట్టే.

అందుకని స్టూడియోలో అందరికీ ఆయన చికిలన్న. జీతం కాగితం మీద ఇంకో పేరుంది. ఆ పేరుతో పిలిస్తే తనను కాదనుకుని పక్కకి చూస్తాడు. చికిలి అంటే మెరుగు పెట్టడమనే అర్థం కూడా ఉంది. పేరు పెట్టినవాళ్ళు అంత దూరం ఆలోచించలేదు.

ఇంట్లోనూ ఇదే అలవాటు. ఆరేసిన దుప్పటిని అలా చూస్తాడు. మేకు కొట్టి తగిలించిన అద్దాన్ని అలా చూస్తాడు. భార్య కొత్త చీర కట్టుకున్న రోజు ఆమెనూ అలాగే చూశాడు.

"నన్నలా చూడకండి. నేనేమైనా గోడనా?" అంది ఆమె.

ఆయన చేసేది టీవీ ఛానల్లో సెట్లకు రంగులు వేయడం. ప్లైవుడ్ ఆయన చేతిలో టేకు అవుతుంది. పళ్ళూడిన దువ్వెనను తడి రంగు మీద లాగితే కొయ్యలో ఉండే గీతలు వస్తాయి. థర్మోకోల్ మీద స్పాంజి అద్దితే పాలరాయి. అట్టముక్కకు బంగారు రంగు పూస్తే ఇత్తడి గడియ. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ అబద్ధాలే. కెమెరా దగ్గరికి రాదు. వచ్చినా దానికి కనబడదు. టీవీ బొమ్మ అంటే వరుసల్లో పేర్చిన చుక్కలని, చుక్క కంటే చిన్నదేదీ టీవీలో ఉండదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పనిలో దిగిన కొద్ది రోజుల్లోనే కెమెరాకు చూపు ఆనదని మాత్రం పట్టేశాడు. కళ్ళు చికిలించుకుంటే తనకు ఎంత కనబడుతుందో కెమెరాకు అంతే కనబడుతుంది. మేకు తల కనబడదు. అతుకు కనబడదు. రంగులో ఇరుక్కున్న కుంచె వెంట్రుక కనబడదు.

అంతకుముందు ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మందుల షాపు, సైకిల్ షాపు, కుట్టు మిషన్ల రిపేరు. నిచ్చెన మీద నిలబడి, గీత గీసుకోకుండా, ఈ చివర మొదలుపెట్టి ఆ చివర సరిగ్గా ఆపేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నిచ్చెన ఇంటి గోడకు ఆనింది. ఆయన స్టూడియోకు వెళ్ళాడు.

కొంతకాలానికి ఛానల్లో లాయరమ్మ కార్యక్రమం మొదలైంది. సాయంత్రం పూట ప్రత్యక్ష ప్రసారం. గోడ తగాదాలు, అద్దె తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. జనం ఫోన్ చేసి అడుగుతారు, ఆవిడ జవాబు చెబుతుంది. లాయరన్నాక వెనక పుస్తకాలుండాలి. నిజం పుస్తకాలు పెట్టడానికి చోటు లేదు. ఉన్నదంతా ఒక చెక్క, దాని వెనక ఇంకో కార్యక్రమం వాళ్ళ వంటగది. కాబట్టి పుస్తకాలు కూడా రంగుతోనే వేయాలి.

చికిలన్న వేశాడు. ఎరుపు, ముదురు గోధుమ, నలుపు. సన్నవి, లావువి. కొన్ని పక్కకి ఒరిగినవి. వాటి వీపుల మీద బంగారు గీతలు. ఇక అక్షరాలు మిగిలాయి.

"ఏవో గీతలు గియ్యి. ఎవరు చదవొచ్చారు?" అన్నాడు డైరెక్టర్.

ఆయనకు అది చేతకాలేదు. బోర్డులు రాసిన చెయ్యి. వంకర గీత గీద్దామని కుంచె పెడితే అది వెళ్ళి వెళ్ళి ఏదో ఒక అక్షరం అయి కూర్చునేది. బలవంతంగా గీసినవి చూసి కెమెరామన్ నవ్వాడు. కెమెరామన్ పాతవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు.

"బావా, ఇవి పుస్తకాల్లా లేవు. చీమల పుట్ట మీద ఎవరో కాలేసినట్టున్నాయి. అక్షరాలే రాసెయ్. చదవడానికి రాకపోయినా అక్షరం అక్షరంలా కనబడుతుంది."

"ఏం రాయను?"

"ఏదైనా."

ఏదైనా అంటే ఆయన దగ్గర ఏమీ లేదు. చట్టం పుస్తకాల పేర్లు తెలియవు. సొంతంగా మాటలు పుట్టే మనిషి కాదు. కుంచె పట్టుకుని నిలబడితే చెవుల్లో పొద్దున్న ఇంట్లో విన్న మాట ఒకటి ఉంది. అదే రాశాడు. తాళం ఎక్కడ పెట్టారు. వెనక్కి నడిచి మానిటర్లో చూశాడు. అది చట్టం పుస్తకంలాగే ఉంది.

ఇక ఆగలేదు. తడి తువ్వాలు మంచం మీదా? పాలు చూస్తూ ఉండండి. మీ చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. విన్నారా, మొదటి భాగం. వినలేదు, రెండో భాగం. ఊరికే అన్నాను.

ఆ మాటలన్నీ భార్యవి.

ఆమె బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేస్తుంది. పాంట్లు కురచ చేస్తుంది. జిప్పులు మారుస్తుంది. పగలంతా పెదాల మధ్య గుండుసూదులుంటాయి. అడిగినదానికి తల ఊపడమే తప్ప నోరు తెరవడానికి వీలుండదు. దారిలోనూ అదే అలవాటు. అందుకని ఆ వీధిలో ఆమె చాలా నెమ్మదస్తురాలు. పైవాటాలో ఉండే ఆవిడ ఎప్పుడూ అంటుంది, "నిన్ను చూసి నేర్చుకోవాలమ్మా. అసలు నోట్లో నాలుకుందా నీకు?" ఆమె చిన్నగా నవ్వి తల వంచుకుంటుంది. ఆ మాట వినబడినప్పుడల్లా చికిలన్నకు చెప్పులు ఎక్కడో విడిచినట్టు గుర్తొచ్చి వాటిని వెతుక్కుంటూ వెళ్ళిపోతాడు.

సూదుల వెనక ఆగిన మాటలు ఇంటికొచ్చాక బయటికొస్తాయి. ఆయన తింటూ వింటాడు. పేపరు తిరగేస్తూ వింటాడు. తలెత్తడు. జవాబు చెప్పడు. ఆమె మాట్లాడే తీరుకొక పద్ధతుంది. ఏ విషయం మీదైనా అభిప్రాయం చెప్పేముందు "అయినా నాకెందుకు" అంటుంది. అదే పేరుతో అలమరలో ఒకే రంగు, ఒకే మందంలో వరుసగా ఆరు సంపుటాలున్నాయి. అంతా చెప్పాక చివరికి "అంటే అన్నానంటారు" అంటుంది. అది అన్నిటికంటే లావు పుస్తకం. మెరూన్ రంగు, బంగారు అక్షరాలు. లాయరమ్మ ఎడమ భుజం పైనే ఉంటుంది.

వానాకాలంలో చెమ్మకు కింది వరుస రంగు లేస్తుంది. ఏడాదికోసారి మళ్ళీ వేయాలి. మళ్ళీ వేసినప్పుడల్లా కొత్త పుస్తకాలు. ఒక ఏడు భార్యకు ఆపరేషన్ అయింది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకువెళుతుంటే ఆమె తల తిప్పి, "భయమేం లేదు, వెళ్ళి ఏదైనా తినండి" అంది. ఆ ఏడు కింది వరుసలో, మూలన, సన్నని ఆకుపచ్చ పుస్తకం ఒకటి చేరింది. అది వేశాక ఆయన వెనక్కి నడవలేదు.

ఛానల్ హెచ్‌డీలోకి మారుతోందని తెలిసినప్పుడు స్టూడియోలో ఎవరి భయం వాళ్ళకుంది. వార్తలు చదివే అబ్బాయికి మొటిమల భయం. మేకప్ వేసే ఆవిడకు తన మేకప్ భయం. చికిలన్నకు మేకుల భయం. గరుకు కాగితం తెచ్చి బల్లలన్నీ రుద్దాడు. అతుకులకు లప్పం పెట్టాడు. దువ్వెన పక్కన పడేసి సన్న కుంచెతో కొయ్య గీతలు ఒక్కొక్కటే లాగాడు. ఇన్నాళ్ళు దూరం తన తరఫున సగం పని చేసేదని అప్పుడు తెలిసింది.

అలమర సంగతి ఆయన మరిచిపోలేదు. దాని దగ్గరికి వెళ్ళడానికి జంకాడు.

మొదట్లో కెమెరాలు పాతవే. బొమ్మను మాత్రం యంత్రంతో పెద్దది చేసి పంపేవారు. కంట్రోల్ రూమ్‌లో ఉండే ఇంజనీరమ్మను వెళ్ళి అడిగాడు.

"ఉన్న చుక్కల మధ్య కొత్త చుక్కలు పెడుతుంది, చికిలన్నా. వాటి రంగేమిటో పక్కవాటిని చూసి ఊహించుకుంటుంది."

"అంటే, కనబడనిది కనబడేలా చేస్తుందా?"

"అంత సీన్ లేదు. కెమెరా చూడనిది దీనికేం తెలుస్తుంది? ఉన్నదాన్నే సాగదీసి, ఇస్త్రీ చేసి పంపుతుంది."

లాయరమ్మ అలమరను పెద్ద మానిటర్లో చూపించమన్నాడు. పుస్తకాల అంచులు పదునుగా వచ్చాయి. అక్షరాలు కూడా నల్లగా, బలంగా, చక్కగా కుదురుకున్నాయి. ఒక్కటి కూడా అక్షరం కాదు.

"చదవగలరా అమ్మా?"

ఆమె ముందుకు వంగి చూసింది. "ఏ భాషో కూడా చెప్పలేను."

ఆ రోజు క్యాంటీన్‌లో ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

తర్వాత కొత్త కెమెరాలు వచ్చాయి. లాయరమ్మ సెట్ మీద లైట్లు కట్టి పరీక్ష చేశారు. చికిలన్న మానిటర్ ముందు నిలబడి, వెనక్కి నడిచి, వీపు గోడకు తగిలాక కళ్ళు చికిలించాడు. ఇంకాస్త చికిలించాడు. రెప్పల సందులోంచి కూడా చదవడానికి వస్తూనే ఉంది.

కెమెరామన్ భుజాలు నవ్వుతో కదలడం మొదలైంది.

"బావా, 'తడి తువ్వాలు మంచం మీదా?' ఇది మా చెల్లెమ్మ గొంతు కదూ?"

"గట్టిగా అనకు."

"'అయినా నాకెందుకు', ఆరు సంపుటాలా! ఇదంతా ఎప్పుడు రాశావయ్యా?"

"నువ్వే కదా ఏదైనా రాయమన్నావు. మార్చేస్తాను. ఒక్క రోజు చాలు."

"ఎలా మారుస్తావు? లైట్లు కట్టేశారు. ఇక సెట్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదన్నాడు డైరెక్టర్."

నిజానికి డైరెక్టర్ అలమర మార్చాలనే అనుకున్నాడు. అసలు పుస్తకాలు ఫోటో తీసి అచ్చు వేసిన పెద్ద షీటు తెప్పించాడు. లైటు పడితే అది తడి గచ్చులా మెరిసింది. తీసి పక్కన పెట్టారు. రంగు అలమరే బాగుంది, మెరవడం లేదు, అదే ఉంచమన్నాడు. ఆయన వెలుగు చూశాడు, నీడ చూశాడు. పుస్తకాల పేర్లు చూడలేదు.

"భయపడకు బావా. వెనక మసకలో పెట్టేస్తాను. ఫోకస్ అంతా లాయరమ్మ ముక్కు మీదే. చెల్లెమ్మ పరువు నా పూచీ."

ఆ పూచీ పట్టుకుని ఆయన ఇంటికొచ్చాడు. భార్యకు ముందే చెప్పేస్తే మంచిదనిపించింది. మనిషికి తన ఇంట్లో మాట తన ఇంట్లోనే ఉండాలని ఉంటుంది. వీధిలో ఆమెకొక పేరుంది. సూదులు పట్టుకుని, పెదాలు బిగించి సంపాదించుకున్న పేరు.

భోజనం దగ్గర అన్నాడు, "ఒక మాట చెప్పాలి."

"తాళం పారేశారా?"

"కాదు."

"గొడుగు?"

"ఏమీ పోలేదు."

"ఏమీ పోకపోతే తినండి. చల్లారిపోతోంది. ఏదో పెద్ద మాట ఉన్నట్టు మొహం పెడతారు, తీరా అడిగితే ఏమీ ఉండదు. అయినా నాకెందుకు."

ఆయన తిన్నాడు.

ఆమె అప్పటికే కొత్త టీవీ తెప్పించింది. గోడకు తగిలించారు. డాబా మీద గొడుగులాంటి డిష్ బిగించారు. పాత బొమ్మనే ఆ వెడల్పుకు సాగదీసి చూసిన మొదటి రోజుల్లో పైవాటా ఆవిడ, "ఏమిటమ్మా, లాయరమ్మ బాగా ఒళ్ళు చేసింది?" అంది. డిష్‌కు తగిలించే కొత్త హెచ్‌డీ పెట్టె కూడా వచ్చింది. హెచ్‌డీ ప్రసారం మొదలయ్యే సాయంత్రం ఆమె పైవాటా ఆవిడను, ఆవిడ భర్తను పిలిచింది. ఆ పుస్తకాలన్నీ మా ఆయన వేసినవే అని ముందే చెప్పింది. దాచుకోకుండా చెప్పుకునే గొప్ప ఆమెకు ఉన్నది అదొక్కటే.

పైవాటా ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి మానేశాడు. దారిలో వచ్చే ప్రతి బోర్డూ పైకి చదవడం అప్పటి అలవాటు. ఉద్యోగం మానినా అది మానలేదు. సబ్బు పొట్లం ఇస్తే దాని మీది అక్షరాలన్నీ చదివి, అప్పుడు స్నానానికి వెళతాడు.

నలుగురూ కూర్చున్నారు. చికిలన్న తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. కార్యక్రమం మొదలైంది.

లాయరమ్మ కనబడలేదు. తెర నిండా పుస్తకాలు.

కొత్త కెమెరా గొప్పతనం చూపించుకోవాలని డైరెక్టరుకు ఆఖరి నిమిషంలో అనిపించింది. కెమెరా అలమర పై వరుస ఈ చివర మొదలై, వేలు పెట్టి చదువుకుంటున్నట్టు, నెమ్మదిగా ఆ చివరకి నడిచింది. కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో కూడా కనబడుతోంది.

"అబ్బ! దుమ్ము కూడా తుడవొచ్చు," అంది పైవాటా ఆవిడ.

కండక్టరు మొదలుపెట్టాడు. "తాళం ఎక్కడ పెట్టారు. పాలు చూస్తూ ఉండండి. మీ చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది..." ఆగాడు. "ఇవేం పుస్తకాలండీ?"

కెమెరా ఇంకో పుస్తకం మీదికి జరిగింది. కండక్టరూ జరిగాడు.

"తడి తువ్వాలు మంచం మీదా? ఇది ఏ సెక్షన్ కింద వస్తుందో!"

"మీ మీద కేసు పెట్టడానికి పనికొస్తుంది. చదవండి," అంది ఆయన భార్య.

"విన్నారా, మొదటి భాగం. వినలేదు, రెండో భాగం." కండక్టరుకు ఊపొచ్చింది. "అయినా నాకెందుకు. అయినా నాకెందుకు. అయినా నాకెందుకు. ఇదేమిటి, ఎంత దూరం పోయినా స్టాపు మారదు?"

పైవాటా ఆవిడ మెల్లిగా తల తిప్పి ఇంటావిడను చూసింది. చికిలన్న భార్య పళ్ళెం పట్టుకుని అలాగే ఉంది. ఆమె మొహంలో ఏముందో చికిలన్నకు కనబడలేదు. వెనక నుంచి మెడ ఒక్కటే కనబడుతోంది. ఆ మెడ కదలడం లేదు.

కెమెరా కింది వరుసకు దిగింది. మూలకు చేరింది.

"భయమేం లేదు, వెళ్ళి ఏదైనా తినండి," అని చదివాడు కండక్టరు. ఈసారి నవ్వలేదు. "ఇది వేరేలా ఉందే," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

అప్పుడు లాయరమ్మ కనబడింది. నమస్కారం పెట్టింది. మొదటి ఫోన్ మోగింది. మాట్లాడింది ఒక మగమనిషి.

"మేడమ్, మా పక్కింటివాళ్ళ గోడ గురించి అడుగుదామని చేశాను. అది తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పండి. మీ ఎడమ పక్కన 'అంటే అన్నానంటారు' అని లావుపాటి పుస్తకం ఉంది కదా. ఎక్కడ దొరుకుతుందండీ?"

లాయరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉన్నట్టు లేదు. ఇన్నేళ్ళు ఆవిడ ఫోన్లు కలిసేలోపు ఆ అలమరకేసి తిరిగి కూర్చునేది. అంత దగ్గర నుంచి కెమెరాకు కనబడనివి కూడా కనబడతాయి.

"మీకు పెళ్ళయిందా?"

"అయిందండీ."

"అయితే మీ ఇంట్లోనే ఉంటుంది. వెతకండి. గోడ సంగతి చెప్పండి."

కండక్టరు తొడ మీద కొట్టుకుని నవ్వాడు. పైవాటా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది తీసేసి పైకే నవ్వింది.

"నోట్లో నాలుక లేదనుకున్నాను కదమ్మా!"

చికిలన్న భార్య పళ్ళెం కింద పెట్టింది. "ఉందక్కయ్యా. ఇంట్లో పెట్టి వస్తాను, అంతే."

"మంచిపని. మా ఇంట్లోనూ ఉన్నాయిలే ఆరు సంపుటాలు."

"ఆరేనా?" అన్నాడు కండక్టరు.

వాళ్ళు నవ్వుకుంటూనే మెట్లెక్కారు. చికిలన్న ఫోన్ మోగింది. కెమెరామన్.

"బావా, ఒట్టు, నా తప్పు కాదు. నేను మసక అంటే ఆయన పదును అన్నాడు. ఇక్కడ ఒకటే ఫోన్లు. అందరూ పుస్తకాల గురించే. డైరెక్టర్ ఇప్పుడు ఆ ఆలోచన తనదేనంటున్నాడు. అలమర అలాగే ఉండాలట. అది సరే. చెల్లెమ్మ ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

"అయితే ప్రమాదమే. పెట్టేస్తున్నా."

ఆమె టీవీ ఆపింది. పళ్ళేలు తీసింది. ఆయన తనకు సంబంధం లేని గిన్నెలు కూడా అందించాడు. ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.

"అన్నీ నేను అన్నవేనా?"

"అన్నీ."

"ఇన్ని అన్నానా?"

"మధ్య అర ఒకటి ఇంకా కెమెరాలో రాలేదు."

ఆమె పెదాలు బిగించింది. సూదులు లేవు. అయినా బిగించింది.

"నేను చెప్పేటప్పుడు ఒక్కసారైనా తలెత్తారా? ఊఁ అన్నారా? గోడకు చెప్పుకుంటున్నానని అనుకునేదాన్ని. ఇన్నేళ్ళు. గోడకు చెప్పుకున్నా బాగుండేదని అనుకున్న రోజులు కూడా ఉన్నాయి."

"విన్నాను."

"విన్నట్టు నాకెలా తెలుస్తుంది? టీవీలో చూసి తెలుసుకోవాలా?"

ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆమె గిన్నె తీసి తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే తుడిచిన గిన్నె.

"ఆ ఆకుపచ్చది అంత కింద పెట్టారేం?"

"పైన చోటు లేదు."

"ఉంది. నేను చూశాను."

ఆయన తల వంచుకున్నాడు. ఆ పుస్తకం ఎందుకు కింద పెట్టాడో ఆయనకు తెలుసు. ఆమెకూ తెలిసింది. ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

"చెరిపేయమంటే చెరిపేస్తాను. డైరెక్టరుకు నేను చెప్పుకుంటాను," అన్నాడు.

"ఎందుకు చెరపడం? ఎవరినైనా తిట్టానా? అబద్ధం చెప్పానా? తడి తువ్వాలు మంచం మీద వేస్తే పరుపు పాడవుతుంది. నలుగురికీ తెలిస్తే మంచిదే." గిన్నె బోర్లించింది. "ఒకటే తప్పు."

"ఏమిటది?"

"పుస్తకమన్నాక రాసినవాళ్ళ పేరుంటుంది. ఒక్కదాని మీదా లేదు."

"నేను రాశానని పెట్టుకుంటే ఏం బాగుంటుంది?"

"మీరెక్కడ రాశారు? మీరు అక్షరాలు వేశారు. రాసింది నేను."

ఆయన ఆమెకేసి చూశాడు. ఆమె నవ్వడం లేదు. కోపంగానూ లేదు. కొలత ఇచ్చి, పని ఎప్పటికి అవుతుందని అడిగే మనిషిలా ఉంది. తర్వాత వంటగదిలో లైటు ఆర్పింది. పడుకోబోతూ పాత అలవాటు ప్రకారం గడియ వేశారా అని అడిగింది.

"వేశాను," అన్నాడు ఆయన.

ఆమె తల తిప్పి చూసింది. ఆ ప్రశ్నకు జవాబు రావడం ఆమెకు కొత్త.

మర్నాడు పొద్దున ఆయన అందరికంటే ముందు స్టూడియోకు వెళ్ళాడు. సెట్ మీద పని లైటు ఒక్కటే వేసుకున్నాడు. బంగారు రంగు కొంచెం కలుపుకున్నాడు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే సన్న కుంచె తీశాడు. పై వరుస మొదటి పుస్తకం ముందు నిలబడ్డాక ఒక సందేహం వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇంటిపేరు కూడా వెయ్యాలా?"

అవతల నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. "నా పేరు చాలు. మీ ఇంటిపేరు మీ దగ్గరే ఉంచుకోండి. ఏమైనా తిన్నారా?"

"తింటాను."

"తిన్నాకే పట్టుకోండి కుంచె. చెయ్యి వణికితే నా పేరు వంకరపోతుంది."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. క్యాంటీన్ తెరిచేదాకా కూర్చుని, తిని వచ్చాడు. ఆరు సంపుటాల మీద, లావు పుస్తకం మీద, తాళం మీద, తువ్వాలు మీద ఒక్కొక్కదాని అడుగున ఆమె పేరు రాసుకుంటూ వచ్చాడు. కింది వరుసకు నేల మీద కూర్చున్నాడు. ఆకుపచ్చ పుస్తకం చాలా సన్నది. పేరు అడ్డంగా పట్టలేదు. అక్షరం కింద అక్షరం పెట్టి నిలువుగా రాశాడు. లైట్లవాళ్ళు తలుపు తీసేసరికి ఆయన ఇంకా అక్కడే కూర్చుని, చివరి అక్షరం ఆరడానికి నోటితో మెల్లగా ఊదుతున్నాడు.